ముప్ఫై ఎనిమిది పుస్తకాల్లో ఒకే వరుస

నమోదు 1. జూన్ 2

కొత్త ఎడిటర్‌ను అంటే పుస్తకాలు రాసే సాఫ్ట్‌వేర్‌ను ఎంచే సంఘంలో నా పేరు వేశారు. రోజూ ఏం చూశామో రాసి పెట్టమని కౌన్సిల్ ఆదేశం. వాళ్ళకిచ్చే చిట్టా వేరే రాస్తాను, మర్యాదగా. ఇది నాది. ఇందులో మర్యాద వెతక్కండి.

నా పేరు నూకరత్నం, వయసు నలభై నాలుగు, ఉండేది ఏడో తెప్ప మీద. సముద్రం మీద తేలే మా పన్నెండు తెప్పల్లో ఉన్న ప్రతి మరకూ, అంటే యంత్రానికీ, దాన్ని వాడే పద్ధతి చెప్పే పుస్తకం ఒకటి ఉంది, ఆ పుస్తకాలు రాసేవాళ్ళలో నేనొకదాన్ని. పుస్తకమంటే కాగితం కాదు, మర పక్కన తెర మీద కనిపించేది. ఏ పుస్తకాన్నీ ఎవరూ మొదటి నుంచి చివరిదాకా రాయరు. తునకలు రాస్తాం. ఫ్యూజు తీసే పద్ధతి ఒక తునక, డ్రమ్ము మూత తెరిచే పద్ధతి ఇంకో తునక. ఒకసారి రాసిన తునకను కావలసిన పుస్తకాలన్నింటిలోకీ పిలుచుకుంటాం. తునకలో ఒక వరుస మారిస్తే, పిలుచుకున్న పుస్తకాలన్నింటిలోనూ ఆ క్షణమే మారిపోతుంది. సుఖం ఎంతో ప్రమాదమూ అంతే. అందుకే తెప్ప గుర్తు అని ఒకటి పెట్టుకున్నాం. వరుస పక్కన పన్నెండు అని గుర్తు పెడితే ఆ వరుస పన్నెండో తెప్పలోనే కనిపిస్తుంది, మిగతా తెప్పల జోలికి పోదు.

సంఘానికి పెద్ద సుదర్శనరావు, మా పుస్తకాల విభాగం అధిపతి. మనిషి ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాలో, నిమ్మకు నీరెత్తినట్టు ఉంటాడు. ఏప్రిల్‌లో మంచినీటి ప్లాంటులో జరిగిన చక్రరావు చావుకు కారణం ఈయనేనని నా నమ్మకం. నా తమ్ముడి నోరు మూయించిందీ ఈయనే. రుజువు లేదు. దొరికిన రోజున ఈయన్ని నలుగురిలో నిలబెట్టి కడిగెయ్యాలి. సంఘంలో నాకున్న పని అదొక్కటే.

నమోదు 2. జూన్ 3

తమ్ముడు గంగరాజు పొద్దున్నే కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాడు. ఇది నాలుగోసారి. కళ్ళకేమీ లేదని ఆవిడ నాలుగోసారీ చెప్పిందట. వచ్చి వీధి వాకిట్లో నిలబడి ఎదురింటి గోడ మీది నోటీసు పైకి చదువుకున్నాడు. చదివి, దగ్గరికెళ్ళి, వేలు పెట్టి మళ్ళీ చదివాడు. 

మా దగ్గర మర ముట్టుకుంటే ఇద్దరుండాలి. చదువరి తెర చూసి ఒక్కో వరుసా పైకి చదువుతాడు. చేతిమనిషి ఆ వరుస విన్నాకే చెయ్యి కదుపుతాడు. ముప్ఫై ఏళ్ళుగా అదే మర తిప్పినవాడైనా సరే, జ్ఞాపకం మీద మీట నొక్కితే నేరం. తెప్పలు కట్టిన కొత్తలో ఎవరో జ్ఞాపకాన్ని నమ్ముకుని ఒక తెప్పను మనుషులతో సహా ముంచారు, అప్పటి నుంచీ ఇదే పద్ధతి. గంగరాజు పదిహేనేళ్ళు చదువరిగా చేశాడు. వాడు చదువుతుంటే తన బుర్రతో పనే ఉండదని వాడి చేతిమనిషి చక్రరావు నవ్వేవాడు.

ఏప్రిల్ 9న పొద్దున పది దాటాక, మా తెప్ప మంచినీటి ప్లాంటులో వడపోత డ్రమ్ము మూత తెరవాలి. వారానికోసారి చేసే పనే. ముందు సముద్రం గేటు మూయాలి, తర్వాత గాలి వాల్వు తెరవాలి. గంగరాజు గాలి వాల్వు ముందని చదివాడు. చక్రరావు వాల్వు తెరిచాడు. గేటు మూయలేదు కాబట్టి సముద్రం బలమంతా వచ్చి మూత మీద పడింది, మూత ఊడి చక్రరావు మీద పడింది.

విచారణలో గొంతు రికార్డు వినిపించారు. ముందు గాలి వాల్వు తెరువు అని మావాడి గొంతు, గంట కొట్టినట్టు. తర్వాత పుస్తకం తెరిచి చూపించారు. అందులో ముందు సముద్రం గేటు మూయాలనే ఉంది. ఆరోజు తెర మీద ఉన్నదే చదివేనండి అన్నాడు వాడు. ఎదురుగా పుస్తకం వేరే చెబుతుంటే ఆ మాట ఎవరు వింటారు. వాణ్ణి పనిలోంచి తప్పించారు. జూన్ 30న చివరి విచారణ. ఆలోగా రుజువు రాకపోతే చదువరుల పట్టీలోంచి పేరు కొట్టేస్తారు, ఇక బతికినంత కాలం ఏ మర దగ్గరా వాడు నోరు తెరవకూడదు.

నేను చూసింది ఒకటుంది. ఆరోజు పదిన్నర దాటాక సుదర్శనరావు పరుగెత్తుకుంటూ ఆఫీసుకొచ్చి తలుపేసుకున్నాడు. ఆయన పరుగెత్తడం నేను చూడటం అదే మొదలు. విచారణలో చెప్పాను. బూట్లు మార్చుకోవడానికి వచ్చానన్నాడు. రాసుకున్నారు.

నమోదు 3. జూన్ 5

మూడు ఎడిటర్లు వచ్చాయి. వాటిని మా యంత్రాల్లోకి ఎక్కించిన ఇస్సాకే వాటికి ముద్దుపేర్లు పెట్టాడు. ఇస్సాకు మా విభాగంలో యంత్రాలు చూసే మనిషి. నోరు ఊరుకోదు గానీ పని ఆగనివ్వడు.

మొదటిది అద్దం. పుస్తకం తెర మీద ఎలా కనిపిస్తుందో అలాగే కనిపిస్తుంది, కనిపించే చోటే రాసెయ్యడమే. ఎవరైనా పదినిమిషాల్లో నేర్చుకుంటారు. రెండోది పలక. అందులో రంగూ రుచీ లేదు, అక్షరాలూ గుర్తులూ పచ్చిగా కనిపిస్తాయి. నాలాంటి పాతకాపులకు చేతికి హాయి, మిగతావాళ్ళకు చూడగానే తలనొప్పి. మూడోది చట్రం. ఇది గడులు గీసి ఇస్తుంది. హెచ్చరిక ఈ గడిలో, పనిముట్లు ఈ గడిలో, చేసే పని ఈ గడిలో. ఒక గడి వదిలేస్తే దాచుకోనివ్వదు. తునక తెరిస్తే చాలు, కుడివైపు అది ఏయే పుస్తకాల్లో ఉందో పట్టీ వచ్చేస్తుంది. ఇస్సాకు చూపిస్తూ అన్నాడు, "ఇది మా అత్తగారండి. తప్పు చేస్తే ఊరుకోదు, చేసినోడి పేరు మర్చిపోదు."

సుదర్శనరావుకు అద్దం నచ్చింది. "చూడు రత్నం, ఎంత శుభ్రంగా ఉందో. పాత సరుకు ఇందులోకి ఎక్కిస్తే చెత్తంతా అదే ఊడ్చేస్తుందట. కంటికి కనపడనిది ఒక్కటీ మిగలదట," అన్నాడు.

చెత్తంటే ఏమిటి సార్ అని అడిగాను.

"పాత గుర్తులూ అవీ, ఎవరికి కావాలమ్మా ఇప్పుడు."

ఆయన మొహంలో ఏమీ మారలేదు. నేనే అక్కడి నుంచి లేచొచ్చి నీళ్ళు తాగాను.

నమోదు 4. జూన్ 8

రాసేవాళ్ళందరూ మాలాంటి వాళ్ళు కాదు. వంటవాళ్ళు, ఈతగాళ్ళు, నర్సులు కూడా తమ మరల తునకలు తామే రాస్తారు. వాళ్ళను పిలిచి మూడింటిలోనూ రాయించాం. మూడో తెప్ప క్యాంటీను సూరాయమ్మ ఆవిరి గిన్నె తుడిచే పద్ధతి రాయడానికి వచ్చింది. అద్దంలో పావుగంటలో రాసి పారేసింది. పలకను చూసి ఇదేం భాషన్నది. చట్రంలో గంటన్నర కూర్చుంది. గిన్నె కాలుతుందన్న హెచ్చరికను మూత తియ్యాలన్న వరుస కిందెక్కడో పెట్టింది. చట్రం దాచుకోనంది.

"ఎక్కడెడితే ఏటండీ, సెప్పేను గదా సెయ్యి కాల్తాదని," అంది ఆవిడ.

"చెయ్యి కాలాక చదివితే ఏం లాభం సూరాయమ్మా," అన్నాను.

ఆవిడ హెచ్చరికను పైకి తెచ్చింది. తెస్తూ చట్రాన్నీ నన్నూ కలిపి తిట్టింది. వచ్చిన పద్దెనిమిది మందిలో పదమూడు మంది అద్దానికి ఓటేశారు. సుదర్శనరావు వాళ్ళందరికీ టీ పోయించాడు.

న్యాయంగా చెప్పాలంటే అద్దం చెడ్డదేం కాదు. కొత్తగా మొదలెట్టే ఊరికి అదే ఇద్దును. నేను మార్కులు న్యాయంగా వెయ్యడం లేదని ఇస్సాకు కూడా కనిపెట్టాడు. "పరీక్ష కాకుండానే మార్కులు ఏసేసినట్టున్నారండి," అన్నాడు. నవ్వి ఊరుకున్నాను. వేశాను, నిజమే.

నమోదు 5. జూన్ 11

దొరికాడు.

చాలాకాలంగా నాకొక అనుమానం. డ్రమ్ము మూత తునకలో ఉన్నవి పదకొండు వరుసలు. అది దాచిన ఫైలు మాత్రం మూడొందల పేజీల పుస్తకమంత బరువుంటుంది. ఎందుకో ఎవరూ పట్టించుకోలేదు. ఇవాళ మధ్యాహ్నం భోజనాలకు అందరూ వెళ్ళాక ఆ ఫైలును చట్రంలోకి ఎక్కించాను. కుడివైపు పుస్తకాల పట్టీ వచ్చింది, ముప్ఫై ఎనిమిది. దాని కింద చరిత్ర అని ఇంకో గడి ఉంది, నొక్కాను.

మా పాత ఎడిటర్ ఇన్నేళ్ళుగా ఏదీ చెరపలేదు. మార్చిన ప్రతిసారీ పాత వరుసను కంటికి కనపడకుండా పక్కన పెట్టి, మార్చిన మనిషి పేరూ గంటా వేసుకుంటూ వచ్చింది. దాన్ని చూపించే గడి మాత్రం మాకు ఎవరూ ఇవ్వలేదు. చట్రం ఇచ్చింది.

ఏప్రిల్ 7, సాయంత్రం నాలుగు. రెండు వరుసలు తారుమారు. గాలి వాల్వు ముందు, సముద్రం గేటు తర్వాత. మార్చినవారు సుదర్శనరావు. తెప్ప గుర్తు లేదు.

ఏప్రిల్ 9, పదీ నలభై. వరుసలు తిరిగి యథాప్రకారం. మార్చినవారు సుదర్శనరావు.

ఎందుకు మార్చాడో చూడగానే తెలిసిపోయింది. ఏప్రిల్ 8న పన్నెండో తెప్పలో కొత్త మర ప్రారంభం. దాని గేటు దానంతటదే మూసుకుంటుంది, అక్కడ గాలి వాల్వే ముందు తెరవాలి. పన్నెండు అని గుర్తు పెట్టి ఆ వరుసలు రాయాలి. గుర్తుకు దరఖాస్తు నింపాలి, ఇంకొకరి సంతకం కావాలి. మర్నాడే పూలదండలూ ఫోటోలూ పెట్టుకుని అధిపతిగారికి అంత ఓపికెక్కడిది. అందరి తునకనే మార్చేశాడు. మిగతా పది తెప్పల్లో ఆ రెండు రోజులూ డ్రమ్ము తెరిచే వంతు రాలేదు, బతికిపోయారు. మా తెప్పకు వచ్చింది.

అంటే తమ్ముడు తెర మీద ఉన్నదే చదివాడు. అక్షరం పొల్లు పోకుండా చదివాడు. ముప్పావు గంట తిరగకముందే ఈ పెద్దమనిషి పరుగున వచ్చి ఆ వరుసను తిప్పేసి, రెండు నెలలుగా మావాణ్ణి కళ్ళ డాక్టరు చుట్టూ తిప్పుతున్నాడు.  నాకు ఏడుపు రాలేదు, సంతోషమే వచ్చింది.

ఇప్పుడే కౌన్సిల్ పెద్ద హైమావతిగారి దగ్గరికి పరుగెత్తవచ్చు. పరుగెత్తితే ఏమవుతుందో నాకు తెలుసు. తలుపులేసి మాట్లాడతారు. ఆయన ఆరోగ్యం బాగాలేదని రాజీనామా ఇస్తాడు. గోడ మీద రెండు వరుసల నోటీసు అంటిస్తారు. అది నాకు చాలదు. జూన్ 28న ఎడిటర్ల ప్రదర్శన, ప్లాంటు హాల్లో, ఊరంతా వస్తుంది. అక్కడ ఆ తునక ఆయన చేతే తెరిపిస్తాను. ఆయన పేరు ఆయన నోటితోనే చదివిస్తాను. అప్పుడు ఆ మొహం చూడాలి. పదిహేడు రోజులు ఎంతలోకి వస్తాయి. ఇస్సాకుకు కూడా చెప్పలేదు.

నమోదు 6. జూన్ 12

పొద్దున కాఫీ తాగుతూ గంగరాజు అడిగాడు. "అక్కా, ఆ తునక పాత రూపం ఎక్కడైనా దాగి ఉంటుందంటావా? నువ్వు కొత్త వాటిల్లో చూస్తున్నావు కదా."

చూస్తున్నాను రా అన్నాను.

"నాకు బాగా గుర్తుందే. గాలి వాల్వు అన్న మాట పైన ఉంది. పక్కనే తెర మీద ఉప్పు మరక. మరక తుడిచి మరీ చదివేను."

"నేను చూస్తున్నానన్నాను కదా."

వాడు తలూపి గ్లాసు కడిగి పెట్టాడు. నోటి దాకా వచ్చిన మాటను మింగేశాను. వాడికి చెబితే దాచుకోలేడు, అటుతిరిగి ఇటుతిరిగి సుదర్శనరావు చెవిలో పడుతుంది, ఫైలు మాయమవుతుంది. ఇది నిజమే. సగం నిజం. మిగతా సగం నిన్న రాశాను.

నమోదు 7. జూన్ 14

ఇలా జరుగుతుందని అనుకోలేదు.

గంగరాజు పొద్దున చెప్పకుండా చక్రరావు భార్య మరిడమ్మ ఇంటికి వెళ్ళాడు. ఇక రుజువు దొరకదని, తానే తప్పు చదివానని ఒప్పుకుని క్షమించమని అడగడానికి. మధ్యాహ్నం వచ్చి చెప్పాడు. మరిడమ్మ తిట్టలేదట, ఏడవలేదట. గడప బయట పీట వేసి కూర్చోబెట్టి, ఫోనులో ఆ తునక తెరిచి చేతికిచ్చిందట.

"సదువు. ఎక్కడ తప్పేవో నాకు సూపించు. ఆయన నీ మాట ఇన్నాడు, నేను గూడా ఇంటాను," అందట.

వాడు చదివాడు. ముందు సముద్రం గేటు మూయాలి అని ఉన్న చోట వేలు పెట్టి, ఇక్కడ కన్ను కింది వరుసకు జారిందని చెప్పాడు. ఎలా జారిందని అడిగిందట. చెప్పాడు. మళ్ళీ మొదటి నుంచి చదవమందట. పదిసార్లు చదివించింది. పదిసార్లూ అక్కడ ఆగి, ఎలా తప్పాడో చెప్పాడు.

"పోనీలే అక్కా. ఆవిడ మనసు కుదుటపడింది. నాకూ బరువు దిగినట్టుంది," అన్నాడు, చొక్కా మార్చుకుంటూ.

నాకు ఒళ్ళు మండిపోయింది. మరిడమ్మ మీద కాదు, ఆవిడకు తెలిసింది అంతే. ఈ పీట మీద కూర్చోవలసింది సుదర్శనరావు. ఇప్పుడు చెప్పెయ్యాలనుకున్నాను, నిజంగానే లేచి నిలబడ్డాను. ఇంకో పద్నాలుగు రోజులు, అంతే కదా అనిపించింది. ఆ లెక్క కూడా ఆయన ఖాతాలోనే రాసుకున్నాను. కూర్చున్నాను.

నమోదు 8. జూన్ 19

సుదర్శనరావు నా బల్ల దగ్గరికే వచ్చాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు, గొంతు తగ్గించాడు.

"మీ తమ్ముడు మరిడమ్మ దగ్గర ఒప్పుకున్నాడట. మంచిపని చేశాడమ్మా. మనిషన్నాక పొరపాటు పడతాడు, ఒప్పుకోవడంలోనే ఉంది పెద్దరికం. ముప్ఫయ్యో తారీఖు అయిపోనీ, స్టోర్సులో ఏదో ఒకటి చూద్దాం. మాట్లాడే పని కాకుండా."

"మీ దయ సార్," అన్నాను.

"ఇంకోటి. ప్రదర్శన అవగానే అద్దానికి సంతకాలు పెట్టేద్దాం. పాత సరుకంతా ఆరోజే ఎక్కించేస్తే ఒక పనైపోతుంది. నీకేం అభ్యంతరం లేదు కదా?"

"నాకేం అభ్యంతరం సార్. ఊళ్ళోవాళ్ళ ముందు మూడూ ఒకసారి మీరే తెరిచి చూపిస్తే బాగుంటుంది. అధిపతి చేత్తో చూపిస్తే ఆ మర్యాదే వేరు."

సంతోషించాడు. ఏ తునక చూపిద్దామని అడిగాడు. అన్నింటికన్నా ఎక్కువ పుస్తకాల్లో ఉన్నది చూపిద్దామన్నాను. ఆయన అది ఏదని కూడా అడగలేదు. తన విభాగంలో ఏ తునక ఎన్ని పుస్తకాల్లో ఉందో తెలియని అధిపతి. ఆయన వెళ్ళాక కడుపునిండా అన్నం తిన్నాను, చాలా రోజుల తర్వాత.

నమోదు 9. జూన్ 28

దీన్ని తాపీగా రాస్తాను.

పొద్దున తొమ్మిదికి హాలు నిండింది. మూడొందల మంది పైనే. హైమావతిగారు ముందు వరుసలో. మరిడమ్మ కిటికీ పక్కన. గంగరాజు వెనక గోడకు ఆనుకుని, తల వంచుకుని. గోడంత తెర, దాని ముందు కుర్చీలో సుదర్శనరావు, ఇస్త్రీ చొక్కా. పక్కన నిలబడి పరీక్షలు చదివి చెప్పేది నేను.

అయిదు పరీక్షలు చకచకా అయ్యాయి. అద్దం అందంగా నడిచింది, చప్పట్లు కొట్టారు. ఆరోది చదివాను. అన్నింటికన్నా ఎక్కువ పుస్తకాల్లో ఉన్న తునకను తెరవాలి, అది ఎక్కడెక్కడ వాడుకలో ఉందో, ఎప్పుడెప్పుడు మారిందో చూపించాలి.

ఇస్సాకు తునకను తెచ్చి తెర మీద పెట్టాడు. డ్రమ్ము మూత తెరిచే పద్ధతి.  సుదర్శనరావు మెడ కొంచెం బిగుసుకుంది, అయినా తొణకలేదు. అద్దంలో తెరిచాడు. తునక శుభ్రంగా ఉంది. "పాతది ఏదీ లేదండి, అదే దీని గొప్ప," అన్నాడు. పలకలో తెరిచాడు. అక్షరాలే తప్ప ఏమీ లేదు. ఆయన భుజాలు దిగాయి. చట్రంలో తెరిచాడు. ముప్ఫై ఎనిమిది పుస్తకాల పట్టీ వచ్చింది.

"కింద ఇంకో గడి ఉంది సార్. నొక్కండి," అన్నాను.

నొక్కాడు.

"వెనక ఉన్నవాళ్ళకు కనపడదేమో సార్. పైకి చదవండి."

ఆయన నోరు తెరిచాడు. ఏప్రిల్ ఏడు, సాయంత్రం నాలుగు అన్నాడు. వరుసలు తారుమారు అన్నాడు. మార్చినవారు అని ఆగిపోయాడు.   పేరు గోడంత తెర మీద ఉంది, చదవడం వచ్చిన ప్రతివాడూ అప్పటికే చదివేశాడు. అయినా నాకు ఆయన నోటి నుంచి రావాలి.

"మార్చినవారు ఎవరు సార్?"

"నేనే," అన్నాడు. "పన్నెండో తెప్ప కోసం మార్చాను. గుర్తు పెట్టడం మర్చిపోయాను. పొరపాటు."

కిటికీ దగ్గర్నుంచి మరిడమ్మ లేచింది. "గుర్తెట్టడం మర్సిపోయేరు. మా ఆయన పోయేక యెనక్కి మార్సడం మాత్రం మర్సిపోలేదు గదండి," అంది.

 ఆయన పెదవులు పాలిపోయి, చెమట చొక్కా కాలరు దాటి దిగింది. కుర్చీలోంచి లేవబోయి మోకాలు బల్లకు కొట్టుకుని మళ్ళీ కూలబడ్డాడు. హైమావతిగారు అక్కడికక్కడే ఆయన రాసే హక్కు తీసేశారు. ఇక నుంచి ఆయన చేతిమనిషి. మంచినీటి ప్లాంటులో, ఎవరో చదివితే తప్ప ఒక్క మీట ముట్టుకోకూడదు. ఎడిటర్ సంగతి అడిగితే, చెప్పాలా, చట్రం అన్నారు నలుగురైదుగురు. సూరాయమ్మ కూడా చెయ్యెత్తింది.

నా కడుపు చల్లబడింది. ఇంతకన్నా వేరే మాట లేదు. రెండు నెలల ఇరవై రోజులు ఎదురుచూసిన మొహాన్ని తనివితీరా చూశాను. తమ్ముడి వైపు తిరిగేసరికి వాడు హాల్లో లేడు. సంతోషం పట్టలేక బయటికి వెళ్ళి ఉంటాడనుకున్నాను.

నమోదు 10. జూన్ 30

చివరి విచారణ పావుగంటలో అయిపోవలసింది. గంగరాజు నిర్దోషి, ఆ సంగతి ఊరందరికీ తెలుసు. హైమావతిగారు ఒక మంచిపని చేద్దామనుకున్నారు. తునక చరిత్ర మొత్తం అచ్చు వేయించి వాడి చేతికే ఇచ్చారు. "మీరే చదవండి గంగరాజుగారూ. మీ మొదటి చదువు ఇదే అవ్వాలి," అన్నారు.

వాడు లేచి చదివాడు. అదే గొంతు. ఏప్రిల్ ఏడు. ఏప్రిల్ తొమ్మిది, పదీ నలభై. మార్చినవారు. తిరిగి మార్చినవారు. నేను కళ్ళు మూసుకుని విన్నాను. మార్పుల పట్టీ అయిపోయింది, కాగితం అయిపోలేదు. చట్రం మార్చినవాళ్ళ పేర్లే కాదు, చూసినవాళ్ళ పేర్లు కూడా రాసుకుంటుంది. అది నాకు తెలుసు. ఇన్ని రోజుల్లో ఒక్కసారి కూడా తట్టలేదు.

"చరిత్ర చూసినవారు," అని చదివాడు. "జూన్ పదకొండు, మధ్యాహ్నం ఒంటిగంటా పది. నూకరత్నం. జూన్ పన్నెండు, నూకరత్నం. జూన్ పద్నాలుగు, సాయంత్రం అయిదు, నూకరత్నం."

గొంతు ఎక్కడా తడబడలేదు. తర్వాతి వరుసలు కూడా చదివి, కాగితం మడిచి హైమావతిగారి బల్ల మీద పెట్టాడు. ఆవిడ నా వైపు చూసి, చూపు తిప్పుకున్నారు. పట్టీలో పేరు తిరిగి ఎక్కించామని ప్రకటించారు.

"వద్దండి," అన్నాడు గంగరాజు.

"అదేమిటండీ. మీరు సరిగ్గానే చదివారని తేలింది కదా."

"కాగితంలో అలాగే ఉందండి. నాకు మాత్రం తప్పు చదివినట్టే గుర్తుందండి. అలాంటివాడు మర దగ్గర చదవకూడదండి."

ఆవిడ ఎంతో నచ్చజెప్పారు. వాడు దణ్ణం పెట్టి బయటికి నడిచాడు. నేను వెనకే పరుగెత్తి, ఏడో తెప్పకూ ఎనిమిదో తెప్పకూ మధ్య వంతెన మీద అందుకున్నాను.  సుదర్శనరావు ఫైలు మాయం చేస్తాడని భయపడ్డాన్రా అన్నాను. వాడు రెయిలింగు పట్టుకుని నీళ్ళలోకి చూస్తూ నిలబడ్డాడు.

"పదమూడో తారీఖు దాకా నాకు తెలుసక్కా. ఏ వరుస పైనుందో, ఏది కిందుందో, కళ్ళకు కట్టినట్టు ఉండేది. ఎవరు నమ్మినా నమ్మకపోయినా నాకు నేను తెలుసు. మరిడమ్మక్క ముందు కూర్చుని ఎలా తప్పేనో చెప్పాలంటే, అది నేను కల్పించుకోవాల్సొచ్చింది. పదిసార్లు చెప్పేను. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే అదే కనపడుతోంది. మొదట ఉన్నది ఎంత వెతికినా రావటం లేదు."

"నువ్వు సరిగ్గానే చదివావు గంగా. రుజువుంది."

"రుజువు నీ దగ్గరుంది కదా, పదకొండు నుంచి." కోపం లేదు ఆ గొంతులో. కోపగించుకున్నా బాగుండేది. "ఆవిడ దగ్గరికి వెళ్ళకముందు, ఆ మూడు రోజుల్లో ఎప్పుడు చెప్పినా అయిపోయేది."

నేను ఏడ్చాను. వాడు ఏడవనిచ్చాడు. కాసేపటికి నా వైపు తిరిగి అడిగాడు.

"ఆయన మొహం ఎలా ఉందక్కా? నేను వెనకున్నాను, సరిగ్గా చూళ్ళేదు. నువ్వు అందుకోసమే కదా ఆగేవు. చెప్పు."

చెప్పాను. పెదవులు పాలిపోయాయని, చెమట కాలరు దాటి దిగిందని, లేవబోతే మోకాలు బల్లకు కొట్టుకుందని, ఏదీ వదలకుండా చెప్పాను. గంగరాజు చివరిదాకా విన్నాడు. విని, సరే అని, వంతెన దాటి ఎనిమిదో తెప్ప వైపు వెళ్ళిపోయాడు.